వరంగల్‌లో లా, ఎంబీఏ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్: ఏ కోర్సులో పస ఉంది, ఏది కాగితానికే

హనుమకొండ సుబేదారిలో ఉన్న కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ నుంచి అదాలత్ కోర్టులకు నడిచి వెళ్లొచ్చు. ఎనుమాముల మార్కెట్‌కు ఒక ఆటో చాలు. ఏజెన్సీ భూముల గొడవలు చూడాలంటే ములుగు బస్సెక్కాలి, అంతే. చట్టం, వ్యాపారం, ప్రభుత్వ విధానం చదివేవాళ్లకు కావలసిన ముడిసరుకు ఇంత దగ్గరలో ఉండే ఊళ్లు తక్కువ. 1976 నుంచి యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి మూడు రంగాల్లోనూ కోర్సులున్నాయి, పరిశోధనలూ నడుస్తున్నాయి. ఈ సమీక్షకు కొలత ఒక్కటే: ఆ ముడిసరుకును విద్యార్థి చేతికి అందించే ఏర్పాటు కోర్సులో ఎంత ఉంది? అలా చూస్తే లా ముందుంది, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ సగం దారిలో ఆగింది, ఎంబీఏ మొత్తం విద్యార్థి మీద ఆధారపడి ఉంది. పీహెచ్‌డీ లెక్క వేరు, దాని మంచీచెడూ గైడ్‌ను బట్టి.

మొదట లా. ప్రవేశం పెద్ద కష్టం కాదు. లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. జీకే, మెంటల్ ఎబిలిటీకి 30, కరెంట్ అఫైర్స్‌కు 30, లా ఆప్టిట్యూడ్‌కు 60 మార్కులు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే చాలు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు లేదు. అర్హత వేరు, యూనివర్సిటీ కాలేజీలో సీటు వేరు. తేడా తేలేది ఆ చివరి 60 మార్కుల దగ్గరే. రాజ్యాంగం, రోజువారీ చట్ట సూత్రాలు చదువుకున్నవాళ్లకు అక్కడ మార్కులు తేలిగ్గా వస్తాయి. చాలామంది మాత్రం కరెంట్ అఫైర్స్ పుస్తకాల మీదే నెలలు గడుపుతారు.

లా ఎందుకు ముందుందంటే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం ఏ లా కాలేజీ అయినా నాలుగు ప్రాక్టికల్ పేపర్లు పెట్టి తీరాలి: డ్రాఫ్టింగ్, వృత్తి నైతికత, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, కోర్టులో వాదించినట్టు సాధన చేసే మూట్ కోర్టు. బయటి ప్రపంచాన్ని సిలబస్‌లోకి బలవంతంగా లాక్కొచ్చే ఇలాంటి నియమం ఎంబీఏకు గానీ ఎంఏకు గానీ లేదు. ఈ నాలుగు పేపర్లను సరిగా చేసినవాడికి సర్టిఫికెట్ వచ్చేసరికి పని కూడా వచ్చి ఉంటుంది. మొక్కుబడిగా చేసినవాడు సనదు (వకీలు లైసెన్సు) తీసుకున్నాక సీనియర్ దగ్గర రెండేళ్లు మళ్లీ అ, ఆల నుంచి మొదలుపెట్టాలి.

డ్రాఫ్టింగ్ పేపర్‌లో 15 దావా కాగితాలకు 45 మార్కులు, 15 దస్తావేజులకు 45, వైవాకు 10. ఇక్కడ జరిగే తప్పు అందరికీ తెలిసిందే: సీనియర్ల రికార్డు తెచ్చి, పేర్లు మార్చి, జిరాక్స్ సెంటర్‌లో బైండింగ్ చేయించడం. వైవాలో 'ఈ విక్రయ దస్తావేజులో చెక్కుబందీ (నాలుగు హద్దులు) ఎందుకు రాయాలి' అని అడిగితే నోరు పెగలదు. దస్తావేజు నేర్చుకోవాలంటే ఇంట్లో ఉన్న పాత రిజిస్ట్రీ కాగితం ముందు పెట్టుకోవడం మేలు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, లింకు దస్తావేజు నంబరు, ప్రతిఫలం, స్వాధీనం అప్పగించిన మాట ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి, అదే వరసలో సొంతంగా రాయాలి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఈ లెక్క తప్పిన డ్రాఫ్టు రికార్డుల్లో ఎన్ని కనిపిస్తాయో చెప్పలేం. దావా కాగితాలకు చెక్ బౌన్స్ కేసు మంచి అభ్యాసం, ఎందుకంటే అందులో గడువులే కేసు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు, అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, ఆ గడువు దాటిన నెల రోజుల్లోపు ఫిర్యాదు. ఈ మూడు తేదీలూ కాగితం మీద వేసుకుని లెక్కించాకే ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాలి.

మూట్ కోర్టు పేపర్‌లో మూడు మూట్లకు 30 మార్కులు, ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ చూసి రాసినందుకు 30, క్లయింటుతో మాట్లాడే తీరు, కేసు కాగితాల తయారీ గమనించినందుకు 30, వైవాకు 10. అసలు చదువు ఆ రెండో భాగంలో ఉంది, ఎక్కువగా పాడయ్యేదీ అదే. విద్యార్థులు ఏదో ఒక కోర్టు హాల్లోకి వెళ్లి కూర్చుంటారు, పదిహేను కేసులు వాయిదా పడతాయి, మధ్యాహ్నానికి బయటికొస్తారు. రికార్డులో మాత్రం మొత్తం విచారణ చూసినట్టు రాస్తారు. ముందే ఈ-కోర్ట్స్ సైట్‌లో రేపటి కాజ్ లిస్ట్ (విచారణకు వచ్చే కేసుల జాబితా) తీసి, సాక్ష్యం దశలో ఉన్న కేసు ఎంచుకోవాలి. క్రిమినల్ అయితే సాక్షుల విచారణ నడుస్తున్నది, సివిల్ అయితే ఇష్యూలు (తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారై, చీఫ్ అఫిడవిట్ (సాక్షి రాతపూర్వక వాంగ్మూలం) దాఖలై, క్రాస్ ఎగ్జామినేషన్‌కు వచ్చినది. కేసుకు ఇచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు రాసిపెట్టుకుంటే తర్వాతి వాయిదాలు ఫోన్‌లోనే తెలుస్తాయి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలు), అత్యాచార కేసుల విచారణ మూసిన తలుపుల వెనక జరుగుతుంది కాబట్టి వాటిని ఎంచుకోవద్దు. 2022 జూన్ నుంచి వరంగల్, హనుమకొండ జిల్లాలకు వేర్వేరు జిల్లా కోర్టులున్నాయి, అందుకని కేసు ఏ జిల్లాదో లిస్టులో సరిచూసుకోవాలి.

ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సుకు మొత్తం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20. ఏ సంవత్సరంలోనైనా ఏకబిగిన నాలుగు వారాలకు మించి కుదరదు. అంటే చివరి ఏడాది చూసుకుందాంలే అనుకుంటే మునుగుతారు. ఏడాదికి నాలుగు వారాల చొప్పున మొదటి నుంచీ తెగ్గొట్టుకోవాలి. ఒక విడత ట్రయల్ కోర్టు వకీలు దగ్గర, ఒక విడత జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, ఒకటి హైకోర్టు వకీలు దగ్గర పెట్టుకుంటే మూడూ మూడు రకాల పని నేర్పుతాయి. న్యాయ సేవా సంస్థను చిన్నచూపు చూడొద్దు. క్లయింటు నోటితో చెప్పే పదిహేను నిమిషాల కథను అర పేజీ అర్జీగా కుదించడం అక్కడ నేర్చుకున్నంత త్వరగా ఇంకెక్కడా రాదు.

హాజరు ప్రతి సబ్జెక్టులో 70 శాతం. తగిన కారణం ఉంటే సబ్జెక్టులో 65 ఉన్నా, అన్నీ కలిపి 70 ఉంటే కాలేజీ అనుమతించవచ్చు. ఉద్యోగం చేస్తూ ఎల్‌ఎల్‌బీ చదవాలనుకునేవాళ్లు ముందు ఈ వాక్యం చదవాలి. దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీకి బార్ కౌన్సిల్ గుర్తింపు లేదు. 'కాలేజీకి రానక్కర్లేదు, మేం చూసుకుంటాం' అనే చోట సీటు తీసుకుంటే, వకీలుగా పేరు నమోదు (ఎన్‌రోల్‌మెంట్) దగ్గర హాజరు అడిగిననాడు చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

పాత నోట్సు గురించి ఒక మాట. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. వాటిలో సెక్షన్లు వరసగా 358, 531, 170. హత్యకు శిక్ష 302 కాస్తా 103 అయింది, మోసం 420 నుంచి 318కి మారింది. జిరాక్స్ సెంటర్లలో 'లేటెస్ట్' అట్టతో అమ్మే మెటీరియల్‌లో లోపల పాత నంబర్లే ఉండొచ్చు, మొదటి పేజీ తిప్పి చూసి కొనాలి. అలాగని పాత సెక్షన్లు పూర్తిగా వదలడానికీ లేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షా చట్టమే వర్తిస్తుంది, కోర్టుల్లో రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. రెండు నిలువు వరసల్లో పాత, కొత్త నంబర్ల పట్టిక సొంతంగా రాసుకోవడం ఉత్తమం. తీర్పులకు సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ సైట్ ఉచితం. కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలు కూడా సుప్రీంకోర్టే ఇస్తోంది. వాంగ్మూలాలు తెలుగులో, తీర్పులు ఇంగ్లీషులో నడిచే మన జిల్లాల్లో ఆ రెండు ప్రతులూ పక్కన పెట్టుకుని చదివితే భాషా, చట్టమూ ఒకేసారి వస్తాయి.

సిలబస్‌లో పలచగా ఉండి, బయట మాత్రం పనంతా దాని చుట్టూనే ఉండేది భూమి. ఉత్తర తెలంగాణలో వకీలు దగ్గరికొచ్చే పది మందిలో సగం మంది చేతిలో పహాణీ (భూమి సాగు రికార్డు) నకలో, రిజిస్టర్ కాని కొనుగోలు కాగితం సాదాబైనామానో ఉంటుంది. భూ రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్‌లో వచ్చింది, దాని చట్టంలో అప్పీలు ఏర్పాటు లేకపోవడమే పెద్ద ఫిర్యాదు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో అప్పీళ్లు మళ్లీ వచ్చాయి. ములుగు, భద్రాద్రి వైపు వెళ్తే 1/70 నిబంధనలు: ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేవి. ఈ మూడు చట్టాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాడికి ఇక్కడ పని దొరక్కపోవడం ఉండదు. తరగతిలో చెప్పేదాకా ఆగక్కర్లేదు.

ఖర్చు విషయంలో కూడా లా నెగ్గుతుంది. కోర్సు అయ్యాక ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చింది. ఆ తర్వాత బార్ పరీక్ష ఉంది: 100 ప్రశ్నలు, జనరల్‌కు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. వ్యాఖ్యలు లేని బేర్ యాక్ట్ (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకం) లోపలికి తీసుకెళ్లొచ్చు. పుస్తకం ఉంది కదా అని చదవకుండా వెళ్లేవాళ్లు సమయం సరిపోక తప్పుతారు.

ఇక ఎంబీఏ. ప్రవేశ పరీక్ష ఐసెట్ 200 ప్రశ్నలు, 150 నిమిషాలు: అనలిటికల్ 75, గణితం 75, కమ్యూనికేషన్ 50. అర్హత 25 శాతమే. కాకతీయ యూనివర్సిటీలో కామర్స్, మేనేజ్‌మెంట్ విభాగం ఉంది. ఊళ్లోనే ఉన్న నిట్‌లోనూ ఎంబీఏ ఉంది, కానీ దానికి క్యాట్ వంటి జాతీయ పరీక్ష స్కోరు కావాలి. ప్రైవేటు కాలేజీలు వీటికి అదనం. సిలబస్ ఎక్కడైనా దాదాపు ఒకటే: మార్కెటింగ్, ఫైనాన్స్, హెచ్‌ఆర్. తేడా తెచ్చేది ప్రాజెక్టు, సరిగ్గా అక్కడే కోర్సు తేలిపోతుంది. హైదరాబాద్‌లోని ఏదో షోరూమ్ పేరు మీద 'వినియోగదారుల సంతృప్తిపై అధ్యయనం', వంద మంది శాంపిల్, ప్రతి ప్రశ్నకూ ఐదు జవాబులు, చివరికి ఎక్కువ మంది సంతృప్తిగా ఉన్నారు అని ముగింపు. వరంగల్‌లో ఇంత మంది సంతృప్తిపరులు ఉన్నారా అని అనుమానం వచ్చేటన్ని ప్రాజెక్టులు ఇలాగే ఉంటాయి. లెక్కల తప్పులూ అవే మళ్లీ మళ్లీ: పట్టికలో గడికి అంచనా సంఖ్య 5 కంటే తక్కువ ఉన్నా కై-స్క్వేర్ పరీక్ష చేయడం, ప్రశ్నావళి నమ్మకాన్ని చూపే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 కూడా రాకపోయినా దాటేయడం.

అదే విద్యార్థి మిర్చి సీజన్‌లో ఎనుమాముల యార్డుకు వెళ్తే ఒక నిజమైన ప్రాజెక్టు ఉంది. పేపర్లో పడేది జెండా పాట ధర, అంటే ఆ రోజు మేలురకం సరుకుకు పలికిన రేటు. రైతుకు దక్కేది వేరు. మిర్చి రకాలు తేజా, వండర్ హాట్, చపాట ఒక్కోటి ఒక్కో ధర. తాలు (రంగు పోయిన నాసి) కాయ వేరు. చేయవలసిన పని ఇది: ఒక రకం ఎంచుకోవాలి, రోజువారీ ధరలు కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల సైట్ ఆగ్‌మార్క్‌నెట్ నుంచి తీసుకోవాలి, ఒప్పుకున్న రైతుల తక్‌పట్టీలు (అమ్మకం రసీదులు) ఫొటో తీసుకుని కమీషన్, హమాలీ, ఇతర కోతలు విడగొట్టాలి, జెండా ధరకూ చేతికొచ్చిన ధరకూ మధ్య తేడాను తేమ, రంగు, తెచ్చిన పరిమాణం ప్రకారం పట్టిక వేయాలి. అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) రైతుకు ముందే అప్పు ఇచ్చి ఉంటే అదీ అడగాలి, ధరను నిర్ణయించేది చాలాసార్లు ఆ అప్పే. మధ్యాహ్నం దాటితే యార్డు పలచబడుతుంది, పొద్దున్నే వెళ్లాలి. పత్తి తీసుకున్నా అంతే: ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ మద్దతు ధర 8 శాతం తేమకు, 12 దాటితే కొనదు. ఆ మధ్యలో రైతుకు ఎంత కోత పడుతుందన్నదే ప్రాజెక్టు.

చట్టం, వ్యాపారం కలిసే చోటు మాత్రం ఏ విభాగమూ పట్టించుకోదు. మర మగ్గం నడిపేవాడు సరుకు ఇస్తే, కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలని చిన్న పరిశ్రమల ఎంఎస్ఎంఈ చట్టం అంటుంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ రక్షణ దక్కడం కష్టం. సిరిసిల్లలో, కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పరిసరాల్లో ఎంతమంది దీన్ని వాడుకుంటున్నారు, వాడకపోతే కొనుగోలుదారు చేజారిపోతాడనే భయమా, తెలియకపోవడమా? లా విద్యార్థి ఒకరు, ఎంబీఏ విద్యార్థి ఒకరు కలిసి చేయదగ్గ పని ఇది. రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఉమ్మడి ప్రాజెక్టు పద్ధతి ఉంటే బాగుండేది.

ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో చేరేవాళ్లలో ఎక్కువ మందికి మనసులో గ్రూప్-1, గ్రూప్-2 ఉంటాయి. అందులో తప్పు లేదు. గ్రూప్-1 మెయిన్స్ ఆరు పేపర్లలో సమాజం, రాజ్యాంగం, పాలన పేపర్‌కూ గ్రూప్-2కూ ఈ చదువు నేరుగా పనికొస్తుంది. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా ప్రవేశం, హాస్టల్, లైబ్రరీ కలుపుకుంటే కోచింగ్ కంటే చవక. కానీ విధాన విశ్లేషణ నేర్పుతుందా అంటే, సిద్ధాంతకర్తల పేర్లు నేర్పినంత నేర్పదు. జీవో చదవడం, బడ్జెట్ పద్దు వెతకడం, కాగ్ నివేదికతో పోల్చడం, ఊళ్లోకి వెళ్లి చూడడం అనే నాలుగు మెట్లు పరీక్షలో రావు కాబట్టి ఎవరూ ఎక్కరు.

ఎక్కదలచుకున్నవాళ్లకు ఒక పథకం చాలు. పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్ మండలం శాలపల్లిలో మొదలైంది, ఎకరానికి సీజన్‌కు 4,000, తర్వాత 5,000, 2025 జనవరి నుంచి రైతు భరోసాగా 6,000. డబ్బు పట్టాదారుకు పోతుంది, కౌలురైతుకు కాదు. కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం 2011 నుంచే ఉంది. ఒక ఊళ్లో కౌలు రేటు ఈ డబ్బు వచ్చాక మారిందా అన్న ఒక్క ప్రశ్న మీద మంచి డిసర్టేషన్ రాయొచ్చు. దీనికి సమాచార హక్కు దరఖాస్తు ఉత్తమ పనిముట్టు: గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు, రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దాని మీద నిర్ణయానికి 30 నుంచి 45 రోజులు. అన్నీ కలిపితే సెమిస్టర్ అయిపోతుంది, అందుకని టాపిక్ ఖరారైన వారంలోనే దరఖాస్తు పడాలి. 'ఎందుకు ఇవ్వలేదు' అని అడిగితే తిరస్కరిస్తారు. చట్టం ఇచ్చేది ఆఫీసులో ఉన్న రికార్డును మాత్రమే. 'ఫలానా రిజిస్టర్‌లో ఫలానా నెల పేజీల నకళ్లు' అని అడగాలి.

పూర్తి స్థాయి పబ్లిక్ పాలసీ కోర్సే కావాలనుకుంటే హైదరాబాద్ పోక తప్పదు: ఐఎస్‌బీలో ఉంది, గీతంలో కౌటిల్య స్కూల్ ఉంది, ఫీజులు మాత్రం వేరే లోకం. జాతీయ స్థాయి లా కావాలంటే నల్సార్, దానికి జాతీయ ప్రవేశ పరీక్ష క్లాట్. అక్కడ తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, లాసెట్ అలవాటుతో గుడ్డిగా జవాబులు టిక్ చేయొద్దు.

పీహెచ్‌డీ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు, అందులో 55 శాతం మార్కులు రావాలి. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మంది మాత్రమే ఉండాలి. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ అధ్యాపకుల పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటంతో ఈ లెక్క వల్లే గైడ్ దొరకడం కష్టమవుతోంది. గైడ్ రిటైర్మెంట్ ఎప్పుడో కనుక్కోకుండా చేరితే మధ్యలో గైడ్ మార్పు, దాంతో టాపిక్ మార్పు, ఏడాది వృథా. చేరేముందు శోధ్‌గంగ సైట్‌లో ఆ విభాగం థీసిస్‌లు ఐదు తెరిచి చూస్తే చాలు: గైడ్ ఏ అంశాల మీద చేయిస్తారు, సర్వే పట్టికలు సొంతవా, చివరి అధ్యాయంలో కొత్తగా ఏమైనా తేలిందా అన్నది గంటలో తెలిసిపోతుంది. థీసిస్‌లో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం లోపుంటే ఇబ్బంది లేదు, 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. చట్టం థీసిస్‌లలో సెక్షన్ల పాఠం యథాతథంగా ఎక్కించి ఈ గీత దాటుతుంటారు. ఉటంకింపులు మినహాయించే సెట్టింగ్ పెట్టి పరీక్షించమని లైబ్రరీలో అడగాలి. వ్యాసం అచ్చువేయడం ఇప్పుడు యూజీసీ తప్పనిసరి చేయలేదు, గుర్తింపు ఉన్న పత్రికల కేర్ లిస్టును కూడా 2025లో ఎత్తేసింది. డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికల గిరాకీ మాత్రం తగ్గలేదు.

అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాయాలంటే లా కోడ్ 58, మేనేజ్‌మెంట్ 17, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ 14, కామర్స్ 8. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే, తెలుగులో ఉండదు. పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000. పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత వచ్చినవాళ్ల స్కోరు ఏడాదే చెల్లుతుంది, దానికి 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. నోటిఫికేషన్ ఆలస్యమైతే స్కోరు కాలం తీరిపోతుంది కనుక ఒక్క యూనివర్సిటీ మీదే ఆశ పెట్టుకోవద్దు, ఉస్మానియా, తెలంగాణ యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నోటిఫికేషన్లు కూడా చూస్తుండాలి.

చివరిగా డబ్బు, కాగితాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు 75 శాతం హాజరును గుర్తుంచుకోవాలి, లా వాళ్లకు పరీక్షకు 70 సరిపోయినా స్కాలర్‌షిప్‌కు సరిపోదు. ప్రభుత్వం నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే టీసీ, మెమోలు ఇవ్వడానికి ప్రైవేటు కాలేజీలు మొండికేసిన సందర్భాలు రాష్ట్రంలో తరచూ వార్తల్లోకొస్తాయి. కౌన్సెలింగ్‌కు ముందే అన్ని ఒరిజినల్స్ స్కాన్ చేసి పెట్టుకోవాలి, కాలేజీకి ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌కూ సంతకం, తేదీ ఉన్న రసీదు అడగాలి. దూరవిద్య ఎంబీఏ తీసుకునేవాళ్లు ఆ ఏడాది ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో (డీఈబీ) అనుమతి ఉందో లేదో సైట్‌లో చూసి, డీఈబీ ఐడీ తీసుకున్నాకే ఫీజు కట్టాలి.